చూరు కింద పెసరట్టు

మా పేటలో ఏ ఇంట్లో కూర బాగా కుదిరినా యలమంద బాబాయికి కబురు వెళ్ళేది. కుదరని ఇంటికి మాత్రం కబురు లేకుండానే వచ్చేవాడు, ఎందుకు కుదరలేదో చెప్పడానికి. గిన్నె మూత తీసి, ముక్కు దగ్గరగా పెట్టి, "మెంతులు మాడినయ్ అక్కా" అనేవాడు. ఆ అక్క తిట్టేది. మరుసటి వారం మెంతులు మాడకుండా చూసుకునేది.

ఆయన నరసరావుపేట మునసబు కోర్టులో సమన్లు అందజేసే ఉద్యోగి. కాగితాల మీద ప్రాసెస్ సర్వరు. ఊళ్ళలో జనం అమీనా అనే పిలిచేవారు. అంతకుముందు ఆరేళ్ళు గురజాల కోర్టులో చేశాడు. ఖాకీ చొక్కా, సైకిలు, హ్యాండిలుకి తగిలించిన గుడ్డసంచీ, సంచీలో కోర్టు ముద్రలున్న కాగితాలు. ఎవరి మీద ఏ దావాకి సమను పట్టుకెళ్ళాడో నెల తిరిగేసరికి మరిచిపోయేవాడు. ఆ ఊళ్ళో ఏం తిన్నాడో మాత్రం పదేళ్ళయినా మరిచేవాడు కాదు. గురజాల సంతలో ఒక ముసలామె జొన్నరొట్టె మీద వేసే గోంగూర, మాచర్ల రోడ్డు పాకలో వాము దట్టించిన బజ్జీ, కోటప్పకొండ తిరునాళ్ళలో మూడో రోజు మిగిలిపోయిన పులిహోర మొదటి రోజుదాని కన్నా ఎందుకు బాగుంటుందన్న వాదన: ఇవన్నీ ఆయనకు దస్తావేజుల వలె పదిలం.

నరసరావుపేట బస్టాండు దగ్గర నూర్ మొహమ్మద్ హోటలు ఉండేది. అక్కడ ఎవరు ఎక్కడ కూర్చున్నా అడిగేవాడు లేడు. బాబాయి ఫ్యాను కింద కూర్చుని పరోటా చించి పాయాలో ముంచి, కళ్ళు మూసుకునేవాడు. నూర్ మొహమ్మద్ గల్లా పెట్టె దగ్గర నుంచి కేకవేసేవాడు.

"ఏం యలమందా, తీర్పు చెప్పు. పాసా, ఫెయిలా?"

"బాగుంది భాయ్. కాకపోతే లవంగం ఒకటి ఎక్కువ పడింది."

"ఒకటా! లెక్కపెట్టావా ఏంది? నీకు పెట్టే ముందు నేను నమాజు చేసుకోవాల్సి వస్తంది."

ఆ 'కాకపోతే' అన్న మాట ఆయన నోట ఉప్పు వలె ఉండేది. ఇంట్లో దాని బాధ పుల్లమ్మ పిన్ని పడింది. పిన్ని మిరప కల్లాల్లో తొడిమలు తీసే కూలికి వెళ్ళేది. రోజంతా కాయలు తుంచిన చేతులు రాత్రికి మండేవి. ఆ చేతులతోనే పొయ్యి వెలిగించేది. అన్నం పెట్టి ఎదురుగా కూర్చునేది. ఆయన మొదటి ముద్ద నమిలి, "బాగుందే. కాకపోతే..." అనేసరికి గరిటె ఎత్తేది.

"ఇరవయ్యేళ్ళయింది. ఒక్కనాడన్నా బాగుందని ఊరుకున్నావా? అది నాలిక కాదు, తక్కెడ."

"తక్కెడ కాబట్టే నిన్ను చేసుకున్నా" అనేవాడు ఆయన.

ఆదివారాలు మాత్రం రుబ్బురోలు ఆయనది. బయట ఎక్కడో తిన్నదాన్ని ఇంట్లో తిరిగి చేయాలన్న పంతం. వాటిలో ఒక్కదానితోనే ఏళ్ళ తరబడి ఓడిపోయాడు. అది వేములదిన్నెలో బ్రహ్మానందం హోటలు పెసరట్టు, దానితో ఇచ్చే అల్లప్పచ్చడి. పొట్టు తీయని పెసలు, కొంచెం బరకగా రుబ్బి, ఉల్లిపాయ సన్నగా తరిగి చల్లి... బెల్లం మార్చి చూశాడు, చింతపండు వేయించి చూశాడు, పెనం కూడా మార్చాడు. ప్రతిసారీ తినేసి, తల అడ్డంగా ఊపేవాడు.

నేను లా పూర్తిచేసి ప్రాక్టీసులో చేరిన కొత్తలో, ఎనభై నాలుగు వేసవిలో, ఒక కౌలుదారుల తగాదా విషయమై వేములదిన్నె వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజే ఆయనకూ అక్కడ సమను ఉంది. రెండు సైకిళ్ళ మీద బయలుదేరాము. దారంతా ఆ అట్టు గురించే చెప్పాడు. అది తినిపించడానికే నన్ను తీసుకెళుతున్నట్టు ఉంది ఆయన ఉత్సాహం.

హోటలు ఒక తాటాకుల పాక. లోపల రెండు బల్లలు, ఒక పొయ్యి. బాబాయి లోపలికి వెళ్ళలేదు. చూరు కింద పాతిన నాపరాయి మీద కూర్చుని, నాకు పక్కన చోటు చూపించాడు. తర్వాత చెయ్యి పైకెత్తి, చూరులో దోపిన రెండు సత్తు గ్లాసులు తీసి, తొట్టిలో నీళ్ళు తానే ముంచుకుని కడిగాడు. లోపల స్టీలు గ్లాసులు బల్ల మీద మెరుస్తూ ఉన్నాయి. లోపలి వాళ్ళందరికీ వడ్డన అయ్యాక, అప్పటిదాకా ఒక పళ్ళెంలో పక్కన పడేసి ఉంచిన రెండు అట్లు బ్రహ్మానందం తెచ్చి, వంగకుండా, మోచేయి ఎత్తు నుంచి మా ఆకుల్లోకి జారవిడిచాడు.

"ఇదేంది బాబాయ్?" అన్నాను.

"పెసరట్టు. మాట్టాడమాక, తిను. ఇప్పటికే సల్లారింది."

"లోపల బల్ల ఖాళీగానే ఉందిగా?"

"ఉంటది. అది వాళ్ళది."

"నువ్వు సర్కారు నౌకరువి. ఈ ఊరి మోతుబరికి కోర్టు కాగితం చేతికిచ్చేది నువ్వు."

"చేతికెవరిచ్చారు? గడప మీద పెడతా. ఆయన తీసుకుని సంతకం చేసి మళ్ళీ గడప మీద పెడతాడు. అప్పుడు నేను తీసుకుంటా."

సమను ప్రతివాదికి స్వయంగా అందజేయవలెనని సివిల్ ప్రొసీజర్ కోడు చెబుతుంది. పరీక్షలో ఆ భాగం మీద నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆ గడప సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.

నేను తినలేదు. ఆయన నా ఆకులోది కూడా తనే తిన్నాడు, పారేస్తే పాపమని. తిరిగి వస్తుండగా, చాలాసేపటికి, సైకిలు దిగి నడిపిస్తూ అన్నాడు.

"ఒరేయ్ లాయరూ, గ్లాసు సంగతి నేను పుట్టిన కాడ్నుంచీ చూస్తన్నా. నాకు ఒక్కటే. పెనం మీంచి తీసింది తీసినట్టు తినాల. లోపలోళ్ళు తింటంటే కరకరమని సప్పుడు ఇనపడుద్ది. తొమ్మిదేళ్ళ నుంచీ ఇంటన్నా. నేను తినేసరికి మెత్తబడి ఉంటది. నేను ఇంట్లో సేసేది అదో కాదో నాకెట్టా తెలుసుద్ది? అసలుది వేడిగా ఎట్టుంటదో తెలిస్తేగా!"

ఆ వారమే నేను ఫిర్యాదు రాశాను. పౌరహక్కుల రక్షణ చట్టం, నాలుగో సెక్షను. సంతకం చేయడానికి బాబాయి మూడు ఆదివారాలు తీసుకున్నాడు. నేను అది భయమనుకున్నాను. పిన్ని సరిదిద్దింది. "భయం కాదు నాయనా. పెడితే ఇంక ఆడ అట్టు దొరకదుగా, దానికే ఈ ఏడుపు."

నాలుగో ఆదివారం సంతకం చేశాడు. ఫిర్యాదు నమోదు కావడానికే ఐదు నెలలు పట్టింది. విచారణ మొదలయ్యాక ముద్దాయి రాలేదని కొన్ని వాయిదాలు, వకీలు రాలేదని కొన్ని, మేజిస్ట్రేటు బదిలీ అయ్యారని కొన్ని. రెండేళ్ళపాటు బాబాయి మునసబు కోర్టులో సంతకం చేసి, ఆవరణ దాటి, మేజిస్ట్రేటు కోర్టు వరండాలో సాక్షిగా నిలబడ్డాడు. వేములదిన్నె సమన్లు వేరే వారికి మార్పించుకున్నాడు. ఆదివారాలు రుబ్బురోలు ముందు కూర్చోవడం మాత్రం మానలేదు.

సాక్ష్యం ముందురోజు ఆయనకు ఒకే ఒక విషయం నేర్పాను. "అడిగినదానికే చెప్పు. మళ్ళీ ఎందుకు వెళ్ళావంటే, ఆ దారిలో వేరే హోటలు లేదని చెప్పు." అది నిజమే. ఆయన తల ఊపాడు.

కానీ సమన్ల మనిషి అలవాటు వేరు. వెళ్ళిన వేళ, కలిసిన మనిషి, అన్న మాట, మూసిన తలుపు, అన్నీ ఉన్నదున్నట్టు వెనక పేజీలో రాసి సంతకం చేయాలి. ఒక్క మాట దాస్తే ఉద్యోగం పోతుంది. పదిహేడేళ్ళుగా ఆయన రాసిన రిపోర్టుల్లో ఒక్కటీ తప్పని తేలలేదు. బోనులోకి కూడా ఆయన ఆ అలవాటుతోనే ఎక్కాడు.

డిఫెన్సు వకీలు సావకాశంగా లేచాడు.

"ఆ హోటలుకి ఎన్నాళ్ళ నుంచి వెళుతున్నావు?"

"తొమ్మిదేళ్ళు ఎళ్ళానండి. నెలకి రెండుసార్లు. వానాకాలం ఒకసారి."

"ఎవరన్నా మెడబట్టి తీసుకెళ్ళారా?"

"లేదండి."

"అవమానం అంటున్నావు. అవమానం జరిగిన చోటికి తొమ్మిదేళ్ళు ఎవడన్నా వెళతాడా? నువ్వెందుకు వెళ్ళావు?"

బాబాయి నా వైపు చూశాడు. నేర్పిన జవాబు ఆయన పెదవుల దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ అది పూర్తి నిజం కాదు.

"అట్టు బాగుంటదండి."

కోర్టు హాలు నవ్వింది. గుమాస్తాలు నవ్వారు, తమ వాయిదాల కోసం వచ్చిన వాళ్ళు నవ్వారు. ముద్దాయి బోనులో బ్రహ్మానందం మీసం తుడుచుకున్నాడు.

"పచ్చడి కూడానా?"

"పచ్చడి ఇంకా బాగుంటదండి. కాకపోతే..."

"చాలు" అన్నాడు వకీలు, కూర్చుంటూ.

మేజిస్ట్రేటు ఆ 'కాకపోతే' రాయించలేదు. ఫలహారం బాగున్నందున సాక్షి తన ఇష్టం మీద వెళ్ళేవాడని, అంతవరకే టైపు అయింది. ఆ మాట వెనక తొమ్మిదేళ్ళ చల్లారిన అట్లు ఉన్నాయి. పక్కన పెట్టిన పళ్ళెం, చూరులో గ్లాసు ఉన్నాయి. ప్రాసిక్యూటరు ఒక్క ప్రశ్న తిరిగి అడిగి ఉంటే అవన్నీ రికార్డులోకి వచ్చేవి. ఆయన గోడ గడియారం చూసి, అడిగేదేమీ లేదన్నాడు.

తీర్పు నాలుగు పేజీలు. సాక్షి స్వచ్ఛందంగా, పదేపదే, ఇష్టపూర్వకంగా వెళ్ళినందున వివక్ష రుజువు కాలేదు; ముద్దాయి విడుదల. షెడ్యూల్డు కులస్థుడి పట్ల ఇటువంటి పని జరిగినప్పుడు అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు భావించవలెనని, కాదని రుజువు చేసుకోవలసిన భారం ముద్దాయిదేనని అదే చట్టంలో పన్నెండో సెక్షను ఉంది. నాలుగు పేజీల్లో ఆ సెక్షను సంఖ్య ఒక్కచోట కూడా లేదు. నేను మూడుసార్లు వెతికాను. అప్పీలుకు వెళ్ళవలసింది ప్రభుత్వం. ప్రభుత్వానికి నేను పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి జవాబు వచ్చింది: పరిశీలనలో ఉన్నది.

రెండు నెలల తర్వాత వేములదిన్నె సమన్లు మళ్ళీ బాబాయి సంచీలోకి వచ్చాయి. అక్కడ జరిగినది నాకు ఒకేసారి, తన రిపోర్టు చదివినట్టు చెప్పాడు.

"పొద్దున తొమ్మిదిన్నరకి ఎళ్ళా. నన్ను చూసి బ్రహ్మానందం బయటికొచ్చి, 'రావయ్యా సాక్షీ! నా అట్టు సంగతి కోర్టులో రాయించిన మొనగాడివి. ఇయ్యాల మొదటిది నీకే' అన్నాడు. లోపలోళ్ళందరూ నవ్వారు. పెనం మీంచి తీసి, తీసింది తీసినట్టు తెచ్చి నా ఆకులో ఏశాడు. ఆవిరొస్తంది. అంచులు ఎర్రగా కాలినయ్."

"తిన్నావా?"

"గ్లాసు చూరులోదేరా. అదే రాయి."

"తిన్నావా బాబాయ్?"

"సల్లారిందాకా చూస్తా కూకున్నా. తరవాత లేచొచ్చా. కాగితం గడప మీద పెట్టా, తీసుకున్నా, వచ్చా."

ఆ మాటలో కోపం లేదు. కోపమంతా నా దగ్గరే ఉంది. ఆయన దగ్గర ఉన్నది అలసట మాత్రమే, పగలంతా ఎదురుగాలికి సైకిలు తొక్కిన మనిషిది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక ఆదివారం పుల్లమ్మ పిన్ని నన్ను భోజనానికి పిలిచింది. రుబ్బురోలు మీద గోనెసంచి కప్పి ఉంది. గుమ్మంలోనే నన్ను ఆపి, గొంతు తగ్గించి అంది.

"నాయనా, మీ బాబాయికి ఏందో అయింది. ఏం పెట్టినా బాగుందంటన్నాడు. నెల నించీ అంతే. మొన్న పులుసు మాడింది, నాకే తెలుస్తంది. బాగుందన్నాడు. నూర్ మొహమ్మద్ కూడా అడిగాడు, మీవోడు మా పాయా గురించి ఏమీ అంటంలేదేంది, ఒంట్లో బాగాలేదా అని. ఇయ్యాల వంకాయ కూరలో ఉప్పెయ్యలా. ఒక్క రవ్వ కూడా ఎయ్యలా. చూడు నువ్వే."

ఇద్దరికీ వడ్డించింది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగడం కష్టమైంది. బాబాయి నిదానంగా కలుపుకుని, నమిలి, ఇంకో ముద్ద తీసుకున్నాడు. పిన్ని గరిటె పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఎట్టుంది?"

"బాగుందే."

పిన్ని ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"బాగుండటమేంది! ఉప్పు లేదయ్యా దాంట్లో! కావాలనే ఎయ్యలా! తిట్టు నన్ను!"

బాబాయి తలెత్తి ఆమెను చూశాడు, మంటతో ఎర్రబడ్డ ఆమె చేతుల్ని చూశాడు.

"తినొచ్చులేవే" అన్నాడు.

పిన్ని గరిటె కింద పడేసి, ఉప్పుజాడీ తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. మూత కూడా తీసింది. ఆయన చెయ్యి చాపలేదు. ఆ కూరతోనే, ఆ చప్పిడి కూరతోనే, కంచంలో మెతుకు మిగలకుండా అన్నం తిని, లేచి చెయ్యి కడుక్కున్నాడు.