హారన్ దాకానే సినిమా

మా ఊళ్లో ఎవరూ హాల్లో సినిమాని చివరిదాకా చూసి ఎరగరు. పాడేరు సంతరోజున పసుపు, చింతపండు అమ్ముకుని మ్యాట్నీకి దూరేవాళ్లం. కొండ మీదికి ఆఖరి జీపు సాయంత్రమే. డ్రైవరు బయట హారన్ కొట్టగానే, తెరమీద హీరో తన్నులు తింటున్నా సరే, నేలక్లాసులోంచి ఊరు ఊరంతా లేచి పరుగో పరుగు. వెనకవాళ్ల తిట్లు మాకు మామూలే.

మిగతా కథ జీపులో అమ్మ అల్లేది. అమ్మ కథలో ఎవరూ చావరు. విలన్ కూడా మన్యం జ్వరం తగిలి, మంచాన పడి, బుద్ధి తెచ్చుకునేవాడు.

ఒక్క సినిమాకి మాత్రం అమ్మ మాట చెల్లలేదు. ఏటి వరదలో విడిపోయిన అన్నదమ్ముల కథ అది. చివరికి కలుస్తారని అమ్మ, కలవరని నాన్న, దారంతా వాదించుకున్నారు. ఆ వానాకాలంలోనే నాన్న పోయాడు.

తర్వాత హాలూ మూతపడింది. ఇంట్లో టీవీ పెట్టించాను. గోడకి చేరబడి ఎంతసేపైనా చూడొచ్చు, తొందరపెట్టేవాడు లేడు. అయినా నాకు హాల్లో చూసినట్టుండదు. అమ్మకి ఆ గొడవలేం పట్టవు.

"ఆళ్లిద్దరూ కలిసారో నేదో ఒక్కపాలి సూడాలిరా" అనేది.

అప్పటికే ఆవిడ కళ్లకి నీటికాసులు. పోయిన చూపు తిరిగిరాదని, ఉన్నదైనా నిలుస్తుందన్న నమ్మకం లేదని డాక్టరు చెప్పాడు. చుక్కల మందు వేస్తూ, టీవీలో ఆ సినిమా ఎప్పుడేస్తారా అని కాచుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు.

మొన్న వానల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం వేశారు. అమ్మ టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా కూచుంది. హాల్లోంచి మేం లేచి వచ్చేసిన చోటు దాటింది. అంతలో గాలీవానా మొదలై బొమ్మ ఆగిపోయింది. కిటికీ పక్కన గోడకి బిగించిన డిష్ కదిలిపోయినట్టుంది. బయటికి పరిగెత్తి దాన్ని పట్టుకుని తిప్పాను.

"వచ్చిందా అమ్మా?" అని కిటికీలోంచి అరిచాను.

"రానేదు."

ఇంకాస్త తిప్పాను. "ఇప్పుడో?"

"నేదురా. బేగి సూడు, అయిపోతాది."

తడిసి ముద్దై లోపలికి వచ్చాను. బొమ్మ నిక్షేపంగా ఉంది. తెరనిండా అన్నదమ్ములిద్దరూ కావలించుకుని ఏడుస్తున్నారు. రేకుల మీద వాన మోతలో వాళ్ల మాట ఒక్కటీ వినపడటం లేదు. ఆ వెలుగంతా అమ్మ ముఖం మీదే పడుతోంది.

"ఇంకా రానేదేటిరా?" అంది అమ్మ.