దేవుని బియ్యం డబ్బా

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ ఇది రాయాలనే కూర్చున్నాను, రాసే లేస్తాను.

కొల్లేటికోట దగ్గర మా ఇంట్లో పొయ్యి పక్కన మూత ఉన్న రేకు డబ్బా ఒకటి ఉండేది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వెయ్యాలి. అది దేవుని బియ్యం. ఆదివారం మా అత్తగారు దాన్ని చర్చికి పట్టుకెళ్ళి ఇచ్చేవారు.

ఒక వానాకాలం మా రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి. ఆ రోజుల్లోనే మా అన్నయ్య తాడేపల్లిగూడెం నుంచి నన్ను చూడ్డానికి వచ్చాడు, చివర్లో దోనె ఎక్కి మరీ. మధ్యాహ్నం దాటింది. వండిన అన్నం అయిపోయింది, బియ్యం బస్తా కూడా ఖాళీ. అత్తగారు చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి, నా తోటికోడలు రొయ్యల షెడ్డుకి వెళ్ళారు. బియ్యం లేవని అన్నయ్యతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పుట్టింటివాళ్ళ ముందు చిన్నతనమనిపించింది. డబ్బా మూత తీసి ఉన్నవన్నీ ఎసట్లో పోసేశాను. బస్తా వచ్చాక రెండేసి గుప్పెళ్ళు వేసి నింపేద్దామనుకున్నాను. ఈలోగా శుక్రవారం తోటికోడలి వాళ్ళమ్మ వచ్చి వెళ్ళింది. నింపేలోపే ఆదివారం వచ్చింది.

అత్తగారు డబ్బా ఎత్తి చూసి మెల్లగా కింద పెట్టారు.

"శుక్రవారం మీ అమ్మ సంచి బరువుగానే మోసుకెళ్ళింది కదే" అన్నారు తోటికోడలితో.

"అవి ఎండుచేపలండీ అత్తయ్యా."

"దేవుడిది కూడా వదల్లేదన్నమాట."

ఆ సంచి సర్దింది నేనే. అందులో ఎండుచేపలు తప్ప ఇంకేమీ లేవని నాకు తెలుసు. తోటికోడలు నా వైపు చూసింది. నేను కూర గిన్నెలోకి చూస్తూ గరిటె తిప్పుతూ ఉండిపోయాను.

ఆ ఆదివారం ఆ అమ్మాయి చర్చికి రాలేదు. రెండు నెలలకి మా మరిదిని తీసుకుని దెందులూరు వెళ్ళి అక్కడే కాపురం పెట్టింది.

అప్పటినుంచి నేను ప్రభువు బల్లలో చెయ్యి పెట్టలేదు. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. పళ్ళెం నా దగ్గరికి వస్తే పక్కామెకి అందించేసేదాన్ని. అలా ఏడేళ్ళు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగోలేదనేదాన్ని. పాస్టరుగారి భార్యని మేము అమ్మగారు అంటాం. ఆవిడ ఒక్కరే నమ్మలేదు.

"నీ జబ్బు సరిగ్గా మొదటి ఆదివారమే వస్తుందేమ్మా?" అన్నారు.

దాచలేక అంతా చెప్పేశాను.

"దేవుణ్ణి క్షమించమని అడిగావా?"

"రోజూ అడుగుతున్నానండీ."

"మొదటిరోజే క్షమించేశాడమ్మా ఆయన. ఈ ఏడేళ్ళూ నిన్ను వదిలిపెట్టనూ లేదు. రోజూ ఆయన్నే ఎందుకు అడుగుతున్నావో చెప్పనా? దెందులూరు వెళ్ళడానికి భయమేసి."

నిజమే. దేవుడి దగ్గర ఏడవడం నాకు తేలిక, ఆయన మొహం తిప్పుకోడు. తోటికోడలు తిప్పుకోవచ్చు. ఇంటికి నడుస్తూ ఒకటే అనుకున్నాను. తోటికోడలు తిప్పుకున్నా దేవుడు తిప్పుకోడు కదా, ఇంక దేనికి ఆగడం?

మర్నాడే కైకలూరు ఆటో ఎక్కాను. అక్కడ బస్సెక్కి, ఏలూరులో మారి దెందులూరులో దిగాను. తోటికోడలు అరుగు మీద మినుములు చెరుగుతోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. నేను చెప్పినంతసేపూ చేట ఆగలేదు.

"ఏడేళ్ళు పట్టిందా అక్కా, దెందులూరు బస్సు దొరకడానికి?" అంది.

"పట్టింది."

"అత్తయ్యకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"నాకెందుకు చెప్పడం? నేను తియ్యలేదని నాకు తెలుసుగా. వెళ్ళి ఆవిడకి చెప్పు."

మంచినీళ్ళు మాత్రం ఇచ్చింది. అవి తాగి మళ్ళీ బస్సెక్కాను.

ఇంటికి వస్తూనే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, అత్తగారికి చెప్పాను.

"ఆ పిల్ల మారాలని ఏడేళ్ళు ప్రార్థన చేశానే" అన్నారు.

రెండు రోజులు నాతో మాట లేదు. నేను నా పని చేసుకుంటూ పోయాను, చెప్పింది వెనక్కి తీసుకోలేదు. మూడో రోజు పొద్దున్నే డబ్బా నిండా బియ్యం పోసి, పాత చీర ముక్కతో మూట కట్టి, "బస్సెన్నింటికి?" అన్నారు.

దెందులూరులో ఆ మూట తోటికోడలి ఒళ్ళో పెట్టారు.

"ఇక మీదట ఇది నీ దగ్గరుండాలమ్మా. నోరు జారింది నేను."

తోటికోడలు మూట విప్పి, మూత తీసి చూసింది.

"ఈసారి నిండుగానే ఉందండీ అత్తయ్యా" అంది. నవ్వబోయి ఏడ్చేసింది. ఆ పూట మా ముగ్గురికీ అన్నం తనే వండింది. వండే ముందు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసింది.

మొదటి ఆదివారం మా చర్చికి వచ్చి, నాకూ అత్తగారికీ మధ్య కూర్చుంది. పళ్ళెం అత్తగారి చేతి నుంచి తన దగ్గరికి వచ్చింది. తన ముక్క తీసుకుని పళ్ళెం నా ముందు పట్టుకుంది. నేను ఆగాను.

"తీసుకో అక్కా, చెయ్యి లాగుతోంది" అంది గుసగుసగా.

తీసుకున్నాను.