నలభయ్యో చెవి

అచ్చులమ్మ చేసిన శవాలను చూసి ఒక్కసారైనా జడుసుకోని మనిషి ఆ పేటలో లేడు. ఆమె మాత్రం వాటి నడుమనే పీట వేసుకుని నిశ్చింతగా భోంచేసేది. సినిమాలకు చచ్చినవాళ్లను చేసి ఇవ్వడం ఆమె వృత్తి. యుద్ధమో, వరదో, రైలు ప్రమాదమో, తెరమీద గుట్టలుగా పడి ఉండవలసిన జనం కావలసి వచ్చినప్పుడల్లా మేనేజర్లు ఆమె రేకుల షెడ్డుకే వచ్చేవారు. బతికున్న మనిషి ముఖానికి తడి ప్లాస్టరు మెత్తి, గట్టిపడ్డాక ఊడదీసి, ఆ గుల్లలో రబ్బరు పాలు పోసేది. ఆరిన తోలు వెనక స్పాంజి కూరి, రంగులద్ది, కనుబొమలను ఒక్కొక్క వెంట్రుకగా గుచ్చేది. యాభై దాటిన ఆ వేళ్లకు ముఖాలు కళ్లకన్నా ముందు తెలిసేవి.

మన భాషలో ప్రాణం పోగానే మనిషికి 'వాడు' పోయి 'అది' వస్తుంది. నిన్నటిదాకా 'వచ్చాడు, తిన్నాడు' అనిపించుకున్నవాణ్ణి ఇవాళ 'దాన్ని ఇంకా తీయలేదా' అంటాం. వ్యాకరణం ఇంత నిర్దయగా ప్రవర్తించే చోటు మరొకటి లేదు. అచ్చులమ్మ ఆ నియమాన్ని ఏనాడూ పాటించలేదు. "వీణ్ణి ఎండలో పెట్టకండి, కమిలిపోతాడు" అనేది. "వాడి జుట్టు సరిగ్గా దువ్వండర్రా, పెళ్లికాని పిల్లాడు" అనేది. వినేవాళ్లకు మొదట నవ్వు వచ్చేది. ఇంటికి వెళ్లాక అది నవ్వుగా ఉండేది కాదు.

ఆమె పాటించిన నియమం వేరొకటి ఉంది. అది తండ్రి నేర్పినది. బతికున్నవాడి ముఖంనుంచి తీసిన ప్రతి శవానికీ, పని అంతా పూర్తయ్యాక, ఎడమ చెవి తమ్మెకు బ్లేడుతో చిన్న గాటు పెట్టాలి. తెగిన రబ్బరు తునకను, నువ్వుగింజంతదే కావచ్చు, డబ్బాలో దాచాలి. బొమ్మలు వెళ్లిపోయాక ఆ తునకలను పొయ్యిలో వేయాలి. ఎందుకని చిన్నప్పుడు అడిగితే తండ్రి చెప్పిన కారణం ఒక్కటే: "ఇద్దరూ ఒకేలా ఉంటే ఎవరు ఎవరో చావుకెలా తెలుస్తుందే, పిచ్చిమొహమా?"

ఆ ఏడు ఊరి చివర సముద్రపు ఒడ్డున ఒక మహానగరం లేచింది. గ్రీకుల పాతకాలపు యుద్ధగాథను కనీవినీ ఎరుగని ఖర్చుతో సినిమాగా తీస్తున్నారు. ఒక రాణి సముద్రం దాటిపోయిందని ఓడలకొద్దీ రాజులు వెంటబడి, ఒక కోట చుట్టూ పదేళ్లు కూర్చున్న కథ అది. చివరికి కోటను గెలిచింది శూరులు కారు, లోపల బోలుగా ఉన్న ఒక కొయ్యగుర్రం. బోలుగా ఉన్నవాటిని నమ్మరాదని ఆ గాథ చెబుతుంది. అచ్చులమ్మ బతుకంతా బోలు మనుషులతోనే గడిచింది. గుర్రం సంగతి అందరికీ తెలిసిందే గాని, మధ్యలో ఒకరోజు ఇరుపక్షాలూ ఆయుధాలు దించి, తమ తమ శవాలను ఏరుకుని కాల్చుకున్నారన్నది చాలామందికి గుర్తుండదు. దర్శకుడికి మాత్రం ఆ దృశ్యమే కావలసి వచ్చింది. మూడు వందల శవాలు, గడువు నలభై రోజులు.

అన్ని శవాలకు అన్ని ముఖాలు దొరకలేదు; పాత అచ్చులన్నీ వాడినా నలభై తక్కువయ్యాయి. ముక్కుల్లో గొట్టాలు పెట్టుకుని ప్లాస్టరు కింద అరగంట కదలకుండా పడుకోవడం అందరివల్లా కాదు. సగంలోనే కాళ్లు కొట్టుకుని లేచి పారిపోతారు. అలా పడుకోగలిగినవాడు ఒక్కడే, ఆమె తమ్ముడు. అక్కకన్నా పద్నాలుగేళ్లు చిన్న. తల్లీతండ్రీ పోయాక ఆమే పెంచింది. ఆమెకు అతడు తప్ప ఎవరూ లేరు, అతడికి నిద్ర తప్ప ఏ వ్యసనమూ లేదు. బస్సులో నిలబడి, సినిమా హాల్లో తెరముందు, ఎక్కడంటే అక్కడ నిద్రపోయేవాడు గనక అందరూ నిద్రమొహం అని పిలిచేవారు. ఆ సినిమాలో ఈటె పట్టుకుని నిలబడే సైనికుల్లో అతడూ ఒకడు.

"ఒరేయ్, ఊపిరి ఆడుతోందా?" అని ఆమె ప్లాస్టరు మీద వేలితో తట్టింది.

జవాబుగా గొట్టాల్లోంచి గురక వినిపించింది.

"దేవుడు నీకిచ్చిన విద్య ఇదొక్కటేరా! కానియ్, దీంతోనే కూడు తిందాం."

ఆ ఒక్క అచ్చునుంచి నలభైమందిని తీసింది. గడ్డాలు మార్చింది, గాయాలు మార్చింది. అయినా వాళ్లు నలభైమంది తమ్ముళ్లే. చివరివాడికి రంగు ఆరుతుండగా మేనేజరు చెప్పినదానికి మూడు రోజుల ముందే లారీ తెచ్చి గుమ్మంలో నిలిపాడు. ఆ అరుపుల్లో, ఆ ఎత్తడాల్లో, మూడు వందలమందీ బండెక్కారు.

నాలుగో రోజు ఉదయం తమ్ముడు చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ నవ్వాడు. "అక్కా, ఇవాళ సాయంత్రం నన్ను నలభైసార్లు తగలేస్తారంట. చూడ్డానికి రావా?"

"నోట్లోంచి మంచిమాట రాదట్రా? పో, ఆలస్యమైతే గేటు వేసేస్తారు."

మధ్యాహ్నం పొయ్యి ముట్టించి, తమ్ముడి ముఖానికి కేటాయించిన డబ్బాను పాత కాగితంమీద గుమ్మరించింది. పదేసి చొప్పున కుప్పలు పెట్టింది. మూడు కుప్పలు నిండాయి. నాలుగోదానిలో తొమ్మిదే వచ్చాయి. డబ్బాను దులిపింది, నేలంతా తడిమింది, మళ్లీ లెక్కబెట్టింది. ముప్పైతొమ్మిది.

అంటే గాటు లేని తమ్ముడొకడు ఆ గుట్టలో ఉన్నాడు. పొద్దుగూకగానే వాణ్ణి కాలుస్తారు.

తమ్ముడికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. సినిమా రహస్యాలు బయటికి పొక్కకుండా అందరి ఫోన్లూ గేటు దగ్గరే సంచిలో వేయించుకుంటారని తరవాత గుర్తొచ్చింది. పొయ్యి ఆర్పి, జేబులో బ్లేడు వేసుకుని, దొరికిన బస్సెక్కింది.

కోట ముందు రెండు చితులు పేర్చి ఉన్నాయి. కట్టెల కింద గ్యాసు పైపులు బిగిస్తున్నారు. మేనేజరు గొడుగు కింద నిలబడి అందరినీ తిడుతున్నాడు.

"ఏంటమ్మా, పిలవని పేరంటానికొచ్చావ్?"

"ఒకడి చెవి అంచు ఊడింది. అతికించి పోతాను. మా తమ్ముడేడీ?"

"ఆ నిద్రమొహమా? పొద్దున్నే దెబ్బలు తిన్నాడు, రక్తం పూయించుకున్నాడు, వాడి సీను అయిపోయింది. ఏ ఓడ నీడనో పడుంటాడు. అయినా మూడొందల శవాల్లో ఒక చెవి ఎవడు చూస్తాడమ్మా?"

"నీ కెమెరా చూస్తుంది. రేపు తెరమీద చెవి చేటంత కనబడి, అంచున స్పాంజి వేలాడితే నన్నడక్కు."

మేనేజరు గొడుగు దించి పైపులవైపు చూశాడు. "సరే, పైపులు బిగించేదాకా. అరగంట. ఆ తరవాత నువ్వు లోపలున్నా ముట్టిస్తారు."

"ముట్టించుకో. నేను కన్నవాళ్లతోనే పోతాను."

ఆమె గుట్ట ఎక్కింది. కాళ్ల కింద భుజాలు మెత్తగా కుంగాయి. ముఖం తర్వాత ముఖం తిప్పుతూ, తమ్ముడు కనిపించినప్పుడల్లా ఎడమ తమ్మెను వేళ్ల మధ్య పట్టి చూసింది. గాటు, గాటు, గాటు. పొద్దుటినుంచి ఎండలో మగ్గిన రబ్బరు మనిషి ఒంటిలాగే వెచ్చగా ఉంది. సముద్రపు గాలికి బట్టలు ఎగిరి, అందరూ ఊపిరి తీస్తున్నట్టే ఉన్నారు. పంతొమ్మిది. ఇరవై. రెండో చితి చేరేసరికి నీడలు సాగాయి. ముప్పైఎనిమిది. ముప్పైతొమ్మిది.

నలభయ్యోవాడు చితి చివర, కోటగోడ నీడలో, చెంపనిండా రక్తంతో పక్కకు తిరిగి పడి ఉన్నాడు. తమ్మెను తడిమింది. నున్నగా ఉంది.

"దొరికావురా" అని, బ్లేడు తీసి గాటు పెట్టింది.

వేళ్లమీదికి తడి వచ్చింది. అది రంగు కాదు.

"అబ్బా! చంపేశావే అక్కా!" అంటూ శవం లేచి కూర్చుంది.

ఆ అరుపుకు పైపులు బిగించేవాళ్లు చేతిలోవి పారేసి పరుగెత్తారు. అచ్చులమ్మ బ్లేడు పారేసింది. తమ్ముడి చెవినుంచి కారుతున్న నెత్తురును అరచేత్తో అదిమి పట్టింది. చల్లగా ఉందని వచ్చి పడుకున్నాడట. ఇంకో పావుగంట ఆగితే ఆ చల్లదనం కిందే మంట లేచేది.

చెవికి గుడ్డ చుట్టి తమ్ముణ్ణి చితికి దూరంగా కూర్చోబెట్టాకే ఆమెకు లెక్క తోచింది. ముప్పైతొమ్మిది బొమ్మలు, ఒక తమ్ముడు. మరి నలభయ్యో బొమ్మ ఎక్కడ? గుట్టలో ఒకడు తగ్గాడేమని మేనేజరునే అడిగింది.

"ఓ, వాడా? గోడమీద జనం తక్కువైతే వెనక వరసలో నిలబెట్టాం" అన్నాడు మేనేజరు.

"దింపించు. నాకు వాడు కావాలి."

"ఇప్పుడా? అదిగో, ముట్టించేశారు."

మంటలు లేచాయి. గోడమీదివాళ్లు చూస్తున్నారు, కెమెరాలు వాళ్లను చూస్తున్నాయి. తమ్ముడు ఆమె పక్కనే కూర్చుని, గుడ్డ అదుముకుంటూ, తన ముఖాలు కరిగిపోవడం చూశాడు. మంట ఆరాక ఆమె గోడ ఎక్కి వెతికింది. బొమ్మ లేదు. గాలికి సముద్రంలో పడి ఉంటుందన్నారు. వారం తిరక్కుండా కోటనే పీకేశారు.

సినిమా విడుదలయ్యాక అక్కాతమ్ముళ్లు మధ్యాహ్నం ఆటకు వెళ్లారు. విచిత్రంగా తమ్ముడు ఆరోజు మెలకువగానే ఉన్నాడు. చితుల దృశ్యం వచ్చింది. పొగ గోడమీదికి పాకింది. మూడో వరసలో శిరస్త్రాణం లేని సైనికుడొకడు, ఎడమ చెంప ఇటువైపు పెట్టి నిలబడ్డాడు. తమ్మె నున్నగా, నిండుగా ఉంది.

"అక్కా, వాడు నా బొమ్మే కదూ?"

"అది నీ బొమ్మే" అంది ఆమె. ఒక బొమ్మను 'అది' అనడం ఆమెకు అదే మొదటిసారి.

"మరి కళ్లు...?"

ప్లాస్టరు కింద ఎవరైనా కళ్లు మూసుకోక తప్పదు. అందువల్ల ఆమె చేసినవాళ్లెవరికీ ఏనాడూ తెరిచిన కళ్లు లేవు. తెరమీదివాడి కళ్లు తెరిచి ఉన్నాయి. కింద చితిలోని ముఖాలను ఒక్కొక్కటిగా, ఏదో వెతుక్కుంటున్నట్టు, చివరిదాకా చూసుకుంటూ వెళ్లాయి. అంతలో దృశ్యం మారిపోయింది.

ఆ తరవాత అచ్చులమ్మ శవాలు చేయలేదు. బట్టల దుకాణాలకు ముఖం లేని బొమ్మలు చేస్తోంది. ముప్పైతొమ్మిది తునకలున్న డబ్బా అటకమీద అలాగే ఉంది. తమ్ముడు పని ముగించుకుని వచ్చి తలుపు తట్టినప్పుడు ఆమె గడియ తీయదు. కిటికీ రెక్క ఓరగా తెరిచి, "ఎడమ చెవి చూపించు" అంటుంది. అతడు నవ్వుతూ తల వంచుతాడు.

"గాటు కనబడకపోతే ఏం చేస్తావే?" అని ఒకనాడు అడిగాడు.

ఆమె గడియ తీస్తూ అంది, "నిన్ను వెతుక్కోవడానికి వెళ్తానురా."