ఊడ్చే అల్లుడు

ముందు మా ఇంటి దుమ్ము గురించి చెప్పాలి. మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు పోతుంటే, రోడ్డుకు కాస్త లోపలగా ఒక వెంచర్ ఉండేది. అందులో మూడు వందల ప్లాట్లు, పన్నెండు వందల హద్దురాళ్ళు, ఒకే ఒక్క ఇల్లు. ఆ ఇల్లు మాది. చుట్టూ ఉన్న జొన్నచేలను చదును చేసి సున్నపు గీతలు గీశారు. ఆ గీతల మధ్య పొద్దంతా టిప్పర్లు తిరిగేవి. గాలి ఏ దిక్కు నుంచి వీచినా దుమ్ము మాత్రం మా ఇంటికే వచ్చేది. దానికి కూర్చోవడానికి మరో ఇల్లు లేదు మరి. పొద్దున తుడిచిన టీవీ మీద మధ్యాహ్నానికి ధనియాలు చల్లితే సాయంత్రానికి కొత్తిమీర కోసుకోవచ్చు. నా మాటల్లో పావు వంతు అబద్ధమని మా ఆవిడ అంటుంది. ఆమె నా మీద ప్రేమ కొద్దీ అలా అంటుంది గానీ, సగం ఉంటుంది.

అబద్ధం కలపని ముక్క ఒకటుంది. ఆ దుమ్ముకు మా ఆవిడకు ఆయాసం పట్టుకుంది.

రెండు వేల పన్నెండు ఎండాకాలంలో మొదలైంది. మొదట దగ్గు. తర్వాత మెట్లెక్కితే పిల్లికూతలు. ఆ తర్వాత పొద్దున్నే కళ్ళు తెరవగానే మందు పంపు నోట్లో పెట్టుకోవాల్సిన స్థితి. మేడ్చల్‌లో డాక్టర్ అన్నీ విని, మా ఇల్లు ఎక్కడో అడిగి, తల పట్టుకున్నాడు. "చీపురు ముట్టుకోవద్దమ్మా. ఇల్లు ఊడ్చేటప్పుడు లోపల ఉండొద్దు. దసరా దాకా చూద్దాం. తగ్గకపోతే ఆ ఇల్లు వదిలి సిటీలో ఎక్కడైనా మూడో అంతస్తు చూసుకోండి" అన్నాడు.

బయటికొచ్చాక ఆమె స్కూటర్ ఎక్కకుండా కాసేపు అట్లాగే నిలబడింది.

"ఇరవయ్యొక్క దినాలు గోడలకు నీళ్ళు పట్టింది నేను. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి పైపు పట్టుకొని తిరిగిన. గా ఇల్లు ఇడిసిపెట్టి నేనేడికి రాను" అంది.

ఇల్లు మారినప్పుడు సామాను తెచ్చిన అట్టపెట్టెలు ఇంకా మా సజ్జ మీదే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఇద్దరం తలెత్తి సజ్జ వైపు చూడటం మానేశాం.

ఊడ్చే పని అత్వెల్లి నుంచి గిన్నెలు తోమడానికి వచ్చే ఆమెకు అప్పగించాం. ఆమె చీపురు పడితే దుమ్ము బయటికి పోయేది కాదు. లేచి, ఇల్లంతా ఒక చుట్టు చూసుకొని, మళ్ళీ తన జాగాలోకే వచ్చి కూర్చునేది. తర్వాత నేను పట్టాను. నా చేతిలో దుమ్ము ఆ జాగా కూడా మర్చిపోయింది. అదిగో ఆ రోజుల్లో మా ఆవిడ అక్క భర్త, అంటే నా సడ్డకుడు, కంపెనీ పని మీద సింగపూర్ పోయివచ్చి, ఒక డబ్బా మా హాల్లో దించాడు. లోపల గుండ్రంగా, నల్లగా, జొన్నరొట్టె కాల్చే పెనం అంత మిషను. తనంతట తానే తిరుగుతూ ఇల్లు ఊడుస్తుందట.

మా ఆవిడ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఊడుస్తదా? చేతులేవి?"

మీట నొక్కగానే అది చిన్న పాట పాడి బయలుదేరింది. సోఫా కిందికి దూరింది. మా పెళ్ళినాటి నుంచి అక్కడ కాపురం చేస్తున్న దుమ్ముతో సహా బయటికొచ్చింది. గోడకు ఢీకొని, నమస్కారం పెట్టినట్టు కాస్త వెనక్కి తగ్గి, పక్కకు తిరిగింది. దుమ్ము లేవలేదు. మా ఆవిడ కొంగు ముక్కు మీద నుంచి తీసి, నెమ్మదిగా ఒకసారి గాలి పీల్చి చూసింది.

పది రోజుల్లో దాని లక్షణాలు తెలిసిపోయాయి. అది వస్తుందంటే మనం ముందే లేచి కుర్చీలు దివాన్ మీదికి ఎక్కించాలి. చెప్పులు, పేపర్లు, ఛార్జర్ వైర్లు దాని దారికి అడ్డం ఉండకూడదు. పెట్టినదంతా తింటుంది. మధ్యలో అలిసిపోయి తన మూలకు పోయి పడుకుంటుంది. ఏదన్నా గొంతుకు అడ్డం పడితే ఉన్నచోటే నిలబడి ఊరందరికీ వినపడేలా అలుగుతుంది. మాకు ఇద్దరూ కొడుకులే, ఇద్దరూ హాస్టళ్ళలో. మా ఆవిడ తీర్పు చెప్పింది: "మనకు బిడ్డ లేకున్నా అల్లుడైతే దొరికిండు." ఆ పూట నుంచి మా ఇంట్లో దాని పేరు అల్లుడే.

అల్లుడి సేవ మొత్తం నాది. మా ఆవిడ జుట్టు పొడుగు. అది నేల మీద రాల్చే ప్రతి వెంట్రుకా అల్లుడి బ్రష్షుకు చుట్టుకొని తాడయ్యేది. ఆ తాళ్ళన్నీ దాచి ఉంటే షామీర్‌పేట చెరువులోకి బావిచేద దించి నీళ్ళు తోడేవాళ్ళం. ఆదివారం పొద్దున వరండాలో తువ్వాలు పరుచుకొని, అల్లుడిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకొని, పాత బ్లేడుతో క్షవరం చేసేవాణ్ణి. ముందు చక్రం ఊడబెరికి లోపలి పీచు తీసేవాణ్ణి. జల్లెడ లాంటి ఫిల్టరును చెట్టు మొదట్లో తట్టేవాణ్ణి. దుమ్ము డబ్బా మాత్రం ఇంటి దగ్గర విప్పడానికి లేదు. ముఖానికి తువ్వాలు కట్టుకొని, వేలు నోట్లో తడిపి గాలి వాటం చూసుకొని, ఎనిమిది ప్లాట్లు దాటి తొమ్మిదో ప్లాటులో కుమ్మరించేవాణ్ణి. ఒకరోజు సగంలో గాలి తిరిగింది. ఇంటికొస్తే మా ఆవిడ తలుపు తీయలేదు.

"ఎవరు?" అంది లోపలి నుంచి.

"నేనే."

"మా ఆయిన గింత ఎర్రగుండడు. పోయి నీళ్ళు పోసుకొని రా."

కరెంటుతో వేరే కష్టం. మధ్యాహ్నం కోత ఉన్నప్పుడు అల్లుడి మూలకు కూడా కరెంటు ఉండదు కదా, తన ఇల్లు ఎక్కడుందో దానికి దొరికేది కాదు. హాలంతా తిరిగి తిరిగి వంటింటి గుమ్మం దగ్గర సొమ్మసిల్లేది. ఎత్తుకొచ్చి పడుకోబెట్టేవాణ్ణి. మా పిల్లలను కూడా అన్నిసార్లు ఎత్తుకోలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంత చాకిరీ ఎందుకు చేశానంటే, పొద్దుటి మందు పంపు టేబుల్ మీద ఉన్నచోటే ఉండసాగింది. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేసి, అక్కణ్ణుంచే కిందున్న నాతో కొట్లాడింది. ఒక్క దగ్గు లేకుండా, ఆపకుండా, ఐదు నిమిషాలు. నా జీవితంలో అంత సంతోషంగా తిట్లు తిన్న రోజు మరొకటి లేదు.

అప్పుడొచ్చింది దసరా. డాక్టర్ రమ్మన్నది పండుగ అయిన నాలుగో రోజు.

దసరాకు ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టడం మా అలవాటు. స్కూటర్‌తో మొదలై మిక్సీ, గ్యాస్ పొయ్యి, కుట్టుమిషను, బోరు మోటారు, ఇంటి తాళం చెవి దాకా. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ పనిచేసింది ఎవరో మాకు తెలుసు. స్నానం చేయించడానికి లేదు గనుక తడిగుడ్డతో తుడిచి అల్లుడిని పీట మీద కూర్చోబెట్టాం. మా ఆవిడ పైన బొట్టు పెట్టి, తృప్తి కలగక, "జర తిప్పు" అంది. ఒళ్ళో వెల్లకిలా తిప్పాను. "చక్రాలకు పెట్టాలె గద, బండికి పెట్టినట్టు" అని రెండు చక్రాలకూ పెట్టింది. అంచు వెంబడి నాలుగు చిన్న నల్లటి అద్దాలు మెరుస్తున్నాయి. ముత్తయిదువ ముందు నాలుగు కిటికీలు ఖాళీగా ఉంటే ఊరుకుంటుందా? గంధంలాగా పసుపు కలిపి, ఒక్కో అద్దానికీ నిండుగా అద్ది, నడుమ కుంకుమ పెట్టింది. నేను అదిమి పట్టుకొని, "ఇక్కడ జర తక్కువైంది" అని చూపించాను కూడా.

మర్నాడు మీట నొక్కితే పాట పాడింది. వెంటనే ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వెనక్కి. నాలుగు పక్కలా లోయలున్నట్టు అక్కడే గిర్రున తిరిగి, విచారంగా రెండు కూతలు కూసి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. ఛార్జింగు పెట్టాను. బ్రష్షు విప్పాను. చక్రం ఊదాను. బొట్ల మీద నాకు అనుమానమే రాలేదు. స్కూటర్‌కూ బొట్టు పెట్టాం, అది నడుస్తోంది. మిక్సీకీ పెట్టాం, అది తిరుగుతోంది.

గిన్నెలు తోమే ఆమె దాన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. "దిష్టి తగిలిందమ్మ. మా వాడకట్టోళ్ళందరికి జెప్పిన, గదే తప్పయింది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిల ఎయ్యాలె."

"మిరపకాయలు పొయ్యిల ఏస్తే అల్లుడు లేస్తడో లేదో గని మీ అమ్మ పడిపోతది" అన్నాను.

"అయితె ఉప్పుతోని తిప్పుత సారు."

తిప్పింది. అల్లుడు లేవలేదు. ఉప్పు కొంత కింద రాలింది. దాన్ని ఊడ్చే దిక్కు లేక నేనే చీపురు తీశాను.

రెండు రోజులు నేను ఊడ్చాను. మా ఆవిడ వరండా చివర స్కూటర్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది. రెండో రోజు మాపటికి దగ్గు తిరిగొచ్చింది. మందు పంపు టేబుల్ మీద నుంచి దిండు పక్కకు మారింది. మూడో రోజు పొద్దున లేచేసరికి సజ్జ మీది అట్టపెట్టెలు హాల్లో ఉన్నాయి. వరసగా, మూతులు తెరిచి.

"డాక్టర్ కాడికి పోయేది రేపే గద" అంది నా వైపు చూడకుండా. "గట్లనే దించి పెట్టిన."

అల్లుడిని తువ్వాల్లో చుట్టి, స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకొని, మేడ్చల్ డిపో వెనక వీధిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే భాయి దగ్గరికి పోయాను. ఆయన దుకాణం అగ్గిపెట్టెంత. అందులో మూడు మండలాల మిక్సీలు పడుంటాయి. నేను తువ్వాలు విప్పి కింద పెట్టగానే, బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి లేచి, చెప్పులు విడిచి, దాని మీద ఒక కాలు పెట్టబోయాడు.

"అరే చాచా, ఠైరో" అన్నాడు భాయి. "సాబ్, గిది వజన్ జూసే మిషిన్ కాదా?"

"కాదు భాయ్. ఇల్లూడ్చేది."

"నీకు షాదీ అయింది గద సాబ్."

"అయింది గనకనే తెచ్చిన" అని జరిగింది చెప్పాను. దగ్గు గురించి, డాక్టర్ గురించి, హాల్లో అట్టపెట్టెల గురించి కూడా చెప్పాను. భాయి నవ్వడం ఆపి, కళ్ళద్దాలు పెట్టుకొని, అల్లుడిని వెల్లకిలా తిప్పాడు. తిప్పి, నా ముఖం చూశాడు.

"దసరాకు పూజ జేసిండ్రా?"

"చేసినం."

"మస్తుగ జేసిండ్రు. సాబ్, దసరా పోయిందంటె నాకు సీజన్. సూడు" అని వెనక అరల వైపు వేలు చూపించాడు. ఏ మిక్సీని చూసినా నుదుట బొట్టు. "స్విచ్చులల్ల కుంకుమ, మోటర్లల్ల పసుపు. గీ నాలుగు అద్దాలు జూస్తున్నవా? గివి కండ్లు. సీడీ ప్లేయర్ల ఉంటది సూడు, గసొంటియే. కింద నేల ఉన్నదా, మెట్టు ఉన్నదా సూసుకుంటయి. కండ్లల్ల పసుపు గొడితె నువ్వైతె నడుస్తవా?"

"నడువ."

"మరి? పాపం, చారో తరఫ్ బావులే ఉన్నయనుకుంటున్నది."

పుల్లకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, ఒక్కో కన్నూ తుడిచాడు. పసిపిల్లకు కాటుక తుడిచినట్టు. మా ఇల్లు, పైపు పట్టిన ఇరవయ్యొక్క రోజులు, మేడ మీది తిట్లు, అన్నీ ఆ దూది చివర ఉన్నాయి. మీట నొక్కాడు. అల్లుడు పాట పాడి, ఒక క్షణం ఆలోచించి, ముందుకు కదిలాడు. నేరుగా భాయి బల్ల కిందికి పోయి అక్కడున్న స్క్రూలన్నీ మింగడం మొదలుపెట్టాడు.

"పక్డో, పక్డో. నెల రోజులకెల్లి వెతుకుతున్న స్క్రూ అది" అని భాయి బల్ల కిందికి దూరాడు.

కూలీ తీసుకోలేదు. స్క్రూ దొరికింది, చాలన్నాడు. నేను, ఇక మీదట దీనికి బొట్టు పెట్టం భాయ్ అంటే ఒప్పుకోలేదు. "పెట్టొద్దని నేననలే. పని జేసేదానికి ఇజ్జత్ ఇయ్యాలె గద." డబ్బాలోంచి తెల్ల మార్కర్ తీసి, అల్లుడి నడినెత్తిన రూపాయి బిళ్ళంత గుండ్రటి గీత గీశాడు. "భాభీకి జెప్పు. గీ గీత దాటొద్దు."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. కళ్ళల్లో పసుపు సంగతి చెప్పి, అట్టపెట్టెలు పక్కకు జరిపి మీట నొక్కాను. అల్లుడు హాలంతా ఒక చుట్టు చుట్టి, తెరిచిన తలుపులోంచి వరండాలోకి వచ్చి, చివరి మెట్టు దాకా పోయాడు. ఆమె "ఆగు, ఆగు" అంటూ వంగింది. అతను అంచు మీద టక్కున ఆగి, ఇటు తిరిగి, నింపాదిగా లోపలికి పోయాడు. ఈసారి అక్కడ నిజంగానే మెట్టుంది. బొట్లు పెట్టింది తానేనని గుర్తొచ్చి ఆమె నవ్వింది. నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గు మధ్యలో మళ్ళీ నవ్వింది. "పట్టుకున్నది నువ్వే గద. తక్కువైందని చూపెట్టినవ్ గూడ" అంది.

మర్నాడు డాక్టర్ ఏదో గొట్టంలో ఊదించాడు. మొన్నటి రెండు రోజుల సంగతి చెప్పాం. వేసవిలో ఊదినదాని పక్కన పెట్టి చూసి, "మధ్యలో జారినా మొత్తం మీద బాగా నయం. ఇదే పద్ధతిలో ఉండండి, ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నాడు. ఈసారి ఆమె నాకంటే ముందే స్కూటర్ ఎక్కి కూర్చుంది.

అట్టపెట్టెలు ఏం చేద్దామని అడిగితే, "భాయికి ఇయ్యి. మిక్సీలు పెట్టుకుంటడు" అంది. మళ్ళీ సజ్జ మీదికి మాత్రం ఎక్కించనివ్వలేదు.

మరుసటి ఏడాది దసరాకు మా పక్కన రెండో ఇల్లు లేస్తోంది. దుమ్ము పంచుకోవడానికి మాకొక తోడు. అల్లుడు పీట మీద కూర్చున్నాడు. మా ఆవిడ చిటికెన వేలితో, తెల్ల గీత దాటకుండా, పెసరగింజంత బొట్టు పెట్టింది. మిగిలిన కుంకుమ నా నుదుటికి అద్దింది.

"నీ కండ్లకైతే పెట్టలే గద" అంది. "లే మరి, కుర్చీలెత్తు."