మేకు మీది టోపీ

ఈ రోజు పొద్దున దేవుడి గది ఊడుస్తుంటే అన్న పాత మిలిటరీ టోపీ నేల మీద కనిపించింది. కిటికీ మూసే ఉంది, ఆ గదిలో ఫ్యాను లేనే లేదు, మేకు గోడలో గట్టిగానే ఉంది. చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. మా నాచారం ఇంట్లో ఆ టోపీ ఆ మేకుకు వేలాడబట్టి నలభై ఏళ్లు దాటింది. ఇంతకు ముందు అది పడింది ఒక్కసారే.

ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపకపోవడానికి ఇంట్లో ఎన్ని సాకులు దొరికేవో నా వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. నాకు పలక పట్టించి అక్షరాలు దిద్దించింది అన్నే. సిపాయిగా చేరాక కూడా, సెలవు మీద వచ్చినప్పుడల్లా నా చేత ఉత్తరాలు రాయించి తప్పులు సరిచేసి వెళ్లేవాడు. అలా వచ్చిన ఒకసారి, తిరుగు ప్రయాణం మంగళవారం పడింది. మంగళవారం పూట కొడుకును సాగనంపనని అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అని మేమంతా ఆమె వైపే మాట్లాడాం. పాత టోపీ నా చేతికిచ్చి, కొత్తది పెట్టుకుని, అన్న బుధవారం బయలుదేరాడు.

తర్వాతి వారం, ఉదయం పదకొండు గంటలకు, మేము చూస్తుండగానే ఆ టోపీ మేకు మీంచి జారి పడింది. గాలి లేదు. అమ్మ దాన్ని తీసి కళ్లకద్దుకుని, మళ్లీ మేకుకు తగిలించింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సెలవు మీరినందుకు అన్న మీద నేరం మోపారు. మిలిటరీలో అలాంటివాణ్ని టోపీ, బెల్టు తీయించి అధికారి ముందుకు నడిపిస్తారట. అన్నకు టోపీ తీయించింది ఆ రోజే, ఆ పదకొండు గంటలకే. చెప్పుకునేది ఉంటే చెప్పు, సాక్షి ఉంటే చూపించు, అది నీ హక్కు అని అధికారి చెప్పినా, అమ్మ పేరు ఎత్తడం ఇష్టం లేక అన్న నోరు విప్పలేదు. ఆలోచించుకోమని ఆయన విచారణను నెలాఖరుకు వాయిదా వేశాడు. ప్రమోషను మీద రావలసిన నాయక్ పట్టీ ఇక రాదేమోనని చివర్లో ఒక్క ముక్క రాశాడు అన్న.

“నేనే ఆపిన అని రాయి బిడ్డా. దేవుని పేరు జెప్పి ఆపిన అని గూడ రాయి,” అంది అమ్మ. నేను రాశాను, ఆమె వేలిముద్ర వేసింది. తెలుగు తెలిసిన సిపాయి చేత ఆ ఉత్తరం చదివించుకుని, అధికారి అన్నను మందలించి వదిలేశాడు. ఆ మహానుభావుడి ముఖం నేనెరుగను, దీపం పెట్టిన ప్రతిసారీ తలుచుకుంటాను. మరుసటి సెలవుకు కొత్త పట్టీతో వచ్చిన అన్న, “నీకు అక్షరాలు నేర్పింది అమ్మ మీద సాక్ష్యం రాయనీకానే?” అని నెత్తిన మొట్టాడు.

ఆ అన్నను మొన్న జబ్బు ముదిరితే, తను ఉంటున్న నాగారం నుంచి తెచ్చి ఉప్పల్ దవాఖానాలో చేర్పించారు.

అప్పుడు ఉత్తరం రావడానికి పది రోజులు పట్టింది, ఆ పది రోజులూ మాకు ఏమీ కానట్టే గడిచాయి. ఇప్పుడు ఫోను ఒళ్లోనే ఉంది, నొక్కితే నిమిషంలో తెలిసిపోతుంది. వేలు కదలడం లేదు. ఆ పైనున్న అధికారి ముందు అన్నను టోపీ లేకుండా నిలబెట్టి, చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడుగుతుంటే, మావాడు ఈసారీ నోరు విప్పడు. అందుకే దీపం వెలిగించి, అతని తరఫున చెప్పవలసినవన్నీ నేనే చెబుతున్నాను. పలక దగ్గర మొదలుపెట్టాను.