కోటా రమ్ము

దేవుడి పేరు చెప్పుకునే మీరు, పక్కవాడి కోసం ఏం వదులుకున్నారు? నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా అడుగుతున్నాను. నమ్మినవాడొకడు నా పోస్టులో ఉండేవాడు.

జనవరిలో ఆ సైనిక పోస్టుకు చేరాం. పదిహేను వేల అడుగుల ఎత్తు. కొండ అంచున రెండు బంకర్లు, బయట కాపలావాడు నిలబడే సెంట్రీ గుంత. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ ఉండదు. నేను హవల్దార్‌ని, పోస్టు కమాండర్‌ని. రేడియో ఆపరేటర్‌ది లాల్‌గడి మలక్‌పేట్. క్రైస్తవుడు. నాది మచ్చ బొల్లారం. ఇద్దరం తెలుగులో వాదించుకునేవాళ్లం.

చలికని మనిషికింత రమ్ము ఇచ్చేవారు. పోస్టులో పాత అలవాటొకటి ఉంది: నీ రమ్ము ఇంకొకడికి పోస్తే వాడు నీ బదులు కాపలా కాస్తాడు. మా వంటవాడు, బీహారీ, అందరి రమ్మూ తాగి అందరి కాపలా కాసేవాడు. పోసినవాళ్లు కిరోసిన్ పొయ్యి పక్కన ముసుగుతన్నేవాళ్లు. "వాడి ఇష్టమే కదా" అనేవాళ్లు. ఏం ఇష్టం? రమ్ము ఒంటిని వెచ్చబరచదు. రక్తాన్ని చర్మంలోకి తోసి లోపలి వేడిని గాలికి పారబోస్తుంది. శిక్షణలో అందరికీ చెప్పారు. అందరూ తలూపారు. నేను వద్దని ఆర్డరిచ్చాను. నా ఎదుట ఆగింది, నా వెనక సాగింది.

ఆపరేటర్ ఒక్కడే బేరానికి రాలేదు. ఒకప్పుడు తాగి సంసారం గుల్ల చేసుకున్నవాడు. బాప్తిస్మం తర్వాత మానేశాడు. తన వంతు రమ్మును అందరి ముందూ డబ్బాలో తిరిగి పోసేవాడు.

"మీ యేసు పెండ్లింట్ల నీళ్లను ద్రాక్షారసం జేసిండు గదరా, నీకేం తక్లీఫ్?" అని గెలికాను.

"ఆయన జేసిండు సాబ్. నేనుంటే ఆ బానలన్నీ ఖాళీ జేసేటోన్ని."

"మరి వంటోనికి పొయ్యి. హాయిగ పండుకో."

"నేను పండుకునెతందుకు వాని కాళ్లు మంచుకియ్యాల్నా?"

ఒక మధ్యాహ్నం తుఫాను లేచింది. గుంతలో కాపలా ఉన్న వంటవాణ్ని పిలిస్తే పలకలేదు. ఆపరేటర్ నడుముకు తాడు కట్టుకుని వెళ్లి ఈడ్చుకొచ్చాడు. బూట్లు కోసి తీశాం. పాదాలు మైనం ముద్దల్లా ఉన్నాయి. ఆపరేటర్ చొక్కా గుండీలు విప్పి ఆ పాదాలను తన పొట్టకు ఆనించుకున్నాడు. ఆ చల్లదనానికి ఒక్క అరుపు అరిచాడు. అలాగే రేడియో అందుకున్నాడు.

"బేస్, ఒకరికి మంచు కాటు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"తుఫాను తగ్గనివ్వండి. అప్పటిదాకా వెచ్చగా ఉంచండి. ఓవర్."

వంటవాడు ఏడుస్తున్నాడు, ఒక్క గుటక పోయమని. ఎవడో జాలిపడి నిండు మగ్గు తెచ్చి పక్కన పెట్టాడు. ఆపరేటర్ కళ్లు మగ్గు మీదే ఉన్నాయి.

"నాగ్గూడ కావాలె సాబ్. మస్తు కావాలె. ఆడికెల్లి తీసెయ్‌రి, జల్దీ!"

మగ్గు బయట కుమ్మరించాను. ఆపరేటర్ పళ్లు కటకటలాడుతుంటే తెలుగులో ప్రార్థన చేశాడు. వంటవాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పాదాలు మాత్రం పొట్ట మీదే ఉన్నాయి. హెలికాప్టర్ వచ్చింది. ఆస్పత్రిలో కొన్ని వేళ్లు తీసేశారు. కాళ్లు దక్కాయి.

రిటైరై ఇద్దరం ఇళ్లు చేరాం. వాళ్ల ఊరి చర్చిలో, దేవుడు తనకేం చేశాడో సాక్ష్యం చెప్పమని వాణ్ని పిలిచారు. నేనూ వెళ్లాను.

"దేవదూత గిట్ల కనవడ్డదా బిడ్డా?" అని సంఘ పెద్ద ఆశగా అడిగాడు.

"లేదు పెద్దయ్యా. కాళ్లు మాత్రం మస్తు కంపు గొట్టినయ్."

ఎవరికీ నచ్చలేదు. వాళ్లకు అద్భుతం కావాలి, పొట్ట వద్దు. ఆరాధన అయ్యాక ఆ సంఘ పెద్ద మా ఆపరేటర్‌ని గోడ పక్కకు లాగాడు. కొత్త లేఅవుట్‌లో ఇల్లు కడుతున్నాడట, గురువారం రెండో అంతస్తు స్లాబు.

"మీ మిలిటరీ కోటా మందు నాలుగు సీసలు ఇప్పియ్యి బిడ్డా. లేబర్‌కు పోస్తే పొద్దుమీకేదాంక ఉరుకుతరు."

నోట్లో 'ఆమెన్' ఇంకా ఆరలేదు! తాగించి ఎత్తు మీద పరిగెత్తిస్తాడట. నా నోటికొచ్చింది నేనన్నాను. ఆపరేటర్ కేకలు వేయలేదు.

"సీసలు లేవు పెద్దయ్యా. నేనొస్త."

గురువారం వచ్చాడు, వెంట నేనూ ఉన్నాను. కాంక్రీటు తట్టలు అందించే వరసలో నిలబడ్డాడు.

"మిలిటరీ అన్నా, మందేది?" అన్నాడొక కూలీ.

"నేనే వచ్చిన గద, సాల్దా?"

"నిన్ను తాగలేం గదనే!" వరసంతా నవ్వింది. సంఘ పెద్ద ఒక గొడుగు కింద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

కంచె లేని స్లాబు అంచు. తడి చెక్క మీద కూలీల వట్టి కాళ్లు. వాళ్లకూ ఆ శూన్యానికీ మధ్య, అంచు వైపున, తట్ట అందుకుంటూ మా ఆపరేటర్. ఎన్ని మంచు కొండలు మరిచినా అది నా కళ్లలోంచి పోదు.

అయ్యా, అమ్మా, మీ స్లాబు రోజున సీసా పంపకండి. అడిగినా పంపకండి. నిండు కూలీ ఇవ్వండి. ముందు ఆ అంచుకు కంచె కట్టించండి. మోకాళ్లు ఆ తర్వాత వంచండి.