పసుపు పట్టిన పళ్ల చక్రం

నేను ఆదిలాబాద్‌కు కోడలిగా వచ్చిన కొత్తలో మా మామగారికి పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు ఉండేది. పత్తి సీజనుకు ముందు యంత్రంలో పళ్ల చక్రం విరిగింది. అలాంటిది విదేశంలోనే చేయించాలి. నమూనా కోసం, పాతబడ్డాక పూజగదిలో పెట్టిన అదే రకం చక్రాలు రెండింటిని అక్కడి రెండు కంపెనీలకు పంపించారు. ఏటా దసరాకు పూసిన పసుపు కుంకుమలు వాటి పళ్ల మీద నూనెతో కలిసి రాయిలా గట్టిపడ్డాయి. కడిగితే దోషమని అలాగే పంపించారు.

కొన్నాళ్లకు, ఆ కంపెనీలతో ఉత్తరాలు నడిపే మా ఊరి ఏజెంటు వచ్చాడు. "మొదటి కంపెనోళ్లు ఎట్లున్నదో అట్లనే చేస్తమన్నరు. రెండో కంపెనోళ్లు, గీ పూత ఉంచాల్నా, గీకాల్నా అని అడుగుతున్నరు."

మామగారు నవ్వారు. "పసుపు తెల్వనోళ్లు చక్రమేం చేస్తరు? మొదటోళ్లకే చెప్పు."

వాళ్లు పంపిన చక్రం పెట్టె వచ్చేసరికి మిల్లు గేటు బయట పత్తి బండ్లు బారులు తీరాయి. కొబ్బరికాయ కొట్టి చక్రం బిగిస్తే, పక్క చక్రంతో పళ్లు కలవలేదు. పసుపు మందంతో సహా ఇనుములో పోశారు మహానుభావులు. బండ్లు ఒక్కొక్కటే వేరే మిల్లుకు మళ్లాయి. మామగారు తల ఎత్తకుండానే, "గా రెండో కంపెనోళ్లను గీకమను" అన్నారు.

వాళ్ల చక్రం సీజను సగంలో వచ్చి చక్కగా కూర్చుంది. పెట్టె అడుగున ఒక రేకు డబ్బా. తెరిస్తే, వాళ్లు గీకిన మా పసుపు. మామగారు అందులోంచే చిటికెడు తీసి కొత్త చక్రానికి బొట్టు పెట్టారు.

ఏమీ అడగకుండా సరేననే దర్జీకి నేను ఇప్పటికీ రవిక గుడ్డ ఇవ్వను.